తొలి ఏడుపు ఆలస్యమైతే... దానిమ్మ కాపాడుతుందా?

జీవితం మొత్తంలో ఒకే ఒక్క ఏడుపు కోసం ఇంటిల్లిపాదీ ఆశగా ఎదురుచూస్తారు. లేబర్‌రూమ్ తలుపు అవతల 'కేర్'మని వినిపించగానే బయట బెంచీల మీద కూర్చున్న అమ్మమ్మలూ నానమ్మలూ చేతులెత్తి దండం పెట్టుకుంటారు. మరి ఆ ఏడుపు వినిపించకపోతే...

నిమిషం గడుస్తుంది. రెండో నిమిషమూ గడుస్తుంది. నర్సు బిడ్డను గుడ్డలో చుట్టుకుని పరుగులాంటి నడకతో వెళ్లిపోతుంది. ఎవరూ ఏమీ చెప్పరు. ఆ తర్వాతెప్పుడో డాక్టరు వచ్చి 'పుట్టగానే ఏడవలేదండీ... మెదడుకు ఆక్సిజన్ సరిగ్గా అందలేదు. మూడు రోజులు గడిస్తేగానీ ఏ సంగతీ చెప్పలేం' అంటారు. 'పుట్టగానే ఏడవలేదు' అన్న ఆ రెండు మాటలే ఇక ఏళ్ల తరబడి ఆ కుటుంబం వెంట నడుస్తాయి. మెడ నిలపడం ఆలస్యమైనా, నడక ఆలస్యమైనా, బడిలో టీచరు ఏదైనా అన్నా... మళ్లీ అక్కడికే వెళ్తుంది మాట.

బిడ్డ ఇంటికి రాగానే సలహాలు మొదలవుతాయి. 'వస అరగదీసి నాకించండమ్మా, బుర్ర పదునెక్కుతుంది' అంటుంది నానమ్మ. సరస్వతి ఆకు పొడి పాలల్లో కలిపి పొయ్యమంటుంది పక్కింటావిడ. పసుపు సారం చుక్కల మందని షాపువాడు ఓ సీసా చేతిలో పెడతాడు. అమెరికాలో ఉన్న మేనమామ ద్రాక్షగింజల మాత్రలు పంపిస్తానంటాడు. అన్నిటి మీదా ఒకటే మాట - యాంటీఆక్సిడెంట్. 'మొక్కల నుంచి తీసిందే కదా, పోయేదేముంది' అనిపిస్తుంది ఎవరికైనా. బిడ్డ కోసం ఏదో ఒకటి చెయ్యాలని తపించే తల్లికి మరీను.

నవ్వి కొట్టిపారేయాల్సిన ఆశ కాదిది. దెబ్బతిన్న పసిమెదడును మొక్కల్లోని పదార్థాలతో కాపాడవచ్చా అని ప్రపంచంలో పేరున్న ప్రయోగశాలలు రెండు దశాబ్దాలుగా వెతుకుతున్నాయి. కొన్నిచోట్ల నోరు తెరిపించే ఫలితాలూ వచ్చాయి. కాకపోతే వాళ్లు చూసిందొకటి, సీసా మీద అచ్చయ్యేది మరొకటి!

కరెంటు పోయి వచ్చినట్టు

కాన్పు సమయంలో బొడ్డుతాడు నలిగిపోవచ్చు. మాయ ముందే విడిపోవచ్చు. గర్భసంచి చిట్లవచ్చు. నొప్పులు గంటల తరబడి సాగి బిడ్డ అలసిపోవచ్చు. కారణం ఏదైనా జరిగేది ఒకటే - బిడ్డ మెదడుకు రక్తమూ ప్రాణవాయువూ తగ్గిపోతాయి. దీనివల్ల వచ్చే జబ్బునే డాక్టర్లు 'హైపాక్సిక్ ఇస్కీమిక్ ఎన్‌కెఫలోపతి' అంటారు. నోరు తిరగని పేరు కాబట్టి వాళ్లూ హెచ్ఐఈ అనే పిలుచుకుంటారు. సంపన్న దేశాల్లో ప్రతి వెయ్యి కాన్పుల్లో ఒకరి నుంచి ముగ్గురు బిడ్డలు దీని బారిన పడుతుంటారు. మనలాంటి దేశాల్లో ఇంకా ఎక్కువ. తీవ్రంగా ఉంటే ప్రాణానికే ముప్పు. బతికిన పిల్లల్లో కొందరికి సెరిబ్రల్ పాల్సీ, ఫిట్స్, చూపులోనో వినికిడిలోనో లోపం, చదువులో వెనకబాటు వస్తాయి. తేలికపాటి దెబ్బయితే చాలామంది కోలుకుంటారు కూడా.

ఇక్కడే ఓ చిత్రమైన సంగతుంది. మెదడుకు జరిగే నష్టమంతా ఆక్సిజన్ అందని ఆ కొన్ని నిమిషాల్లోనే జరిగిపోదు. ఇళ్లలో చూస్తుంటాం కదా... కరెంటు పోయినప్పుడు టీవీకి ఏమీ కాదు. తిరిగి వచ్చేటప్పుడు ఒక్కసారిగా వోల్టేజీ పెరిగి కాలిపోతుంది. మెదడులోనూ ఇంచుమించు అదే జరుగుతుంది. బిడ్డకు ఊపిరి అందించి, రక్తప్రసారం మామూలయ్యాక కొన్ని గంటల పాటు అంతా కుదుటపడినట్టే ఉంటుంది. ఆరు గంటలు దాటాక, ఒకటి రెండు రోజుల్లో రెండో దెబ్బ పడుతుంది. కణాల్లోని శక్తి కేంద్రాలు చేతులెత్తేస్తాయి. ఫిట్స్ మొదలయ్యేది చాలావరకు ఈ దశలోనే.

ఈ రెండో దెబ్బలో ప్రధాన దోషులు ఫ్రీ రాడికల్స్. ఆక్సిజన్ నుంచే పుట్టే తుంటరి అణువులివి. కనిపించిన ప్రతిదాన్నీ తుప్పు పట్టిస్తాయి. పెద్దవాళ్ల మెదడులో వీటిని అదుపు చేసే ఎంజైములు దండిగా ఉంటాయి. పసిబిడ్డ మెదడులో ఆ కాపలా ఇంకా పూర్తిగా సిద్ధమై ఉండదు. పైగా అక్కడ తేలిగ్గా పాడయ్యే కొవ్వు ఎక్కువ. తుప్పును ఎగదోసే ఇనుమూ విడిగా దొరుకుతుంది. అంటే అగ్గిపుల్ల పడితే చాలు, అంటుకోవడానికి అన్నీ సిద్ధంగా ఉన్నట్టే. ఆ అగ్గిని ఆర్పే పదార్థాలే యాంటీఆక్సిడెంట్లు. దానిమ్మ, ద్రాక్ష, పసుపు, గ్రీన్ టీ లాంటివాటిలో ఇవి ఎక్కువన్నది తెలిసిందే. మరి వాటిని బిడ్డకిస్తే సరి కదా? లెక్క అంత తేలిగ్గా తెగలేదు.

చలిలో దొరికిన మందు

రెండు దెబ్బల మధ్య దొరికే ఆ ఆరు గంటల వ్యవధిలో ఏం చేసినా చెయ్యాలి. ఇప్పటిదాకా అలా పనిచేసిందని గట్టిగా రుజువైంది ఒక్కటే... చల్లబరచడం. పుట్టిన ఆరు గంటల్లోగా మొదలుపెట్టి, బిడ్డ శరీర ఉష్ణోగ్రతను 33.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర మూడు రోజుల పాటు, అంటే 72 గంటలు నిలిపి ఉంచుతారు. ఆపైన మెల్లగా వెచ్చబెడతారు. చల్లదనానికి మెదడు కణాల పని నెమ్మదిస్తుంది. రెండో దెబ్బ తీవ్రత తగ్గుతుంది. 2005లో రెండు పెద్ద పరిశోధనలు, 2009లో మరొకటి వెలువడ్డాక సంపన్న దేశాల ఆసుపత్రుల్లో ఇదే ప్రామాణిక చికిత్స అయింది. (ఇది ఇంట్లో తడిగుడ్డతోనో ఐసుతోనో చేసే పని కాదు సుమా! మామూలు పసిబిడ్డకు చలి ప్రమాదం. నిమిషనిమిషమూ కనిపెట్టే ఐసీయూలోనే ఇది చెయ్యాలి.)

మరి మన దగ్గరో? భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలోని 7 పెద్దాసుపత్రుల్లో 408 మంది బిడ్డలతో 'హెలిక్స్' అనే పరిశోధన జరిగింది. లండన్ ఇంపీరియల్ కాలేజీకి చెందిన సుధీన్ తయ్యిల్ బృందం దీన్ని నడిపింది. 2021లో ఫలితాలు వచ్చేసరికి వైద్యలోకం ఉలిక్కిపడింది. చల్లబరచిన బిడ్డల్లో 42 శాతం మంది చనిపోయారు. మామూలు చికిత్స పొందినవాళ్లలో ఆ సంఖ్య 31 శాతమే!

విదేశాల్లో ప్రాణం పోసిన చికిత్స ఇక్కడెందుకు బెడిసికొట్టింది? దీనిమీద వాదోపవాదాలు ఇంకా సాగుతూనే ఉన్నాయి. పరిశోధకులు చెప్పే కారణాల్లో ఒకటి మాత్రం ఆలోచింపజేస్తుంది. ఇక్కడి బిడ్డల్లో చాలామందికి దెబ్బ కాన్పు క్షణంలో తగిలింది కాదు... అంతకుముందే, కడుపులో ఉండగానే మొదలై ఉండొచ్చు. బిడ్డ బయటికొచ్చేసరికే ఆ ఆరు గంటలూ కరిగిపోయి ఉంటే, తర్వాత ఎంత చల్లబరిచినా ఏం లాభం? చల్లదనానికి తోడుగా మందులిచ్చి చూసిన ప్రయత్నాలూ అంతంతమాత్రమే. ఎలుకల్లో ఎంతో ఆశ రేపిన ఎరిత్రోపాయిటిన్ అనే ఇంజెక్షన్‌ను అమెరికాలో 500 మంది బిడ్డలతో జరిగిన పరిశోధనలో కొందరికి ఇచ్చి చూశారు. అదనంగా ఏ మేలూ జరగలేదని 2022లో తేలింది.

అందుకే కొందరు శాస్త్రవేత్తలు ప్రశ్ననే తిరగేశారు. దెబ్బ తగిలాక పరిగెత్తే బదులు, తగలకముందే బిడ్డ మెదడుకు కవచం తొడిగితే? కడుపులో ఉన్న బిడ్డకు మందు వెయ్యాలంటే తల్లికే వెయ్యాలి. గర్భిణికి ఏది పడితే అది ఇవ్వలేం. కాబట్టి అది మందు కన్నా ఆహారమైతే మేలు. ఆ వెతుకులాట దానిమ్మ దగ్గర ఆగింది.

ఎలుకమ్మ తాగిన రసం

అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో వాషింగ్టన్ యూనివర్సిటీ ఉంది. అక్కడి డేవిడ్ హోల్ట్జ్‌మన్‌ది అల్జీమర్స్ పరిశోధనలో పెద్ద పేరు. ఆయన బృందం చూలుతో ఉన్న ఎలుకలకు తాగే నీళ్లలో దానిమ్మ రసం కలిపి ఇచ్చింది. చివరి నెలలతో పోల్చదగ్గ రోజుల్లో మొదలుపెట్టి, పిల్లలకు పాలిచ్చేటప్పుడూ కొనసాగించింది. పిల్లలకు వారం వయసొచ్చాక వాటి మెదడుకు కాసేపు రక్తమూ ఆక్సిజనూ తగ్గించి చూశారు. ఆ వయసు ఎలుకపిల్ల మెదడు, ఎదుగుదలలో దాదాపుగా మన పసిబిడ్డ మెదడుతో సమానం మరి.

2005లో 'పీడియాట్రిక్ రిసెర్చ్' పత్రికలో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. దానిమ్మ రసం తాగిన తల్లుల పిల్లల్లో మెదడు కణజాల నష్టం 60 శాతానికి పైగా తగ్గింది! కణాలు తమను తామే చంపుకొనేలా పురిగొల్పే ఎంజైము జోరూ బాగా తగ్గింది. దానిమ్మలోని ఎలాజిక్ ఆమ్లం ఆ పిల్లల రక్తంలో కనిపించింది. మామూలు నీళ్లు తాగిన తల్లుల పిల్లల్లో అది లేదు. అంటే తల్లి తాగిన రసం తాలూకు గుణం బిడ్డదాకా చేరిందన్నమాట. పత్రికలకు ఇంతకన్నా మంచి శీర్షిక ఏముంటుంది? 'గర్భిణులూ, దానిమ్మ తాగండి' అని ప్రపంచమంతా మోగిపోయింది.

అదే బృందం 2007లో ప్రకటించిన రెండో పరిశోధనకు మాత్రం అంత మోత రాలేదు. నిజానికి ఇళ్లలో తల్లిదండ్రులకు తెలియాల్సింది అదే. ఈసారి దానిమ్మలోని పాలీఫినాల్స్‌తో పాటు, ద్రాక్షతొక్కలో ఉండే రెస్వెరట్రాల్‌నూ పరీక్షించారు. దెబ్బ తగలకముందు ఇచ్చినప్పుడు ఆ ఎంజైము జోరుకు రెస్వెరట్రాల్ కళ్లెం వేసింది. దెబ్బ తగిలిన మూడు గంటల తర్వాత ఇస్తే... అది జరగలేదు. మూడంటే మూడే గంటలు! బిడ్డ పది రోజులకో నెలకో ఇంటికొచ్చాక మొదలుపెట్టే సీసాకు ఈ పరిశోధనలో ఆధారమెక్కడుంది?

ఈ బాటలో మరికొందరూ నడిచారు. కెనడాలోని ఎడ్మంటన్‌లో చూలు ఎలుకలకు బ్రకోలీ మొలకలు పెట్టారు. ఫ్రాన్స్‌లోని బోర్డోలో ప్యాషన్ ఫ్రూట్‌లో ఉండే పైసియటనాల్ అనే పదార్థాన్ని ఇచ్చారు. రెండుచోట్లా పిల్లల మెదళ్లు దెబ్బను కాస్త బాగా తట్టుకున్నాయి. రెండుచోట్లా ఇచ్చింది తల్లికే, అదీ ముందుగానే.

బోస్టన్ తల్లులు ఏం చెప్పారు?

ఎలుకల నుంచి మనుషుల దగ్గరికి రావడానికి చాలా ఏళ్లే పట్టింది. బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రిలో 99 మంది గర్భిణులను ఎంచుకున్నారు. వీళ్లందరికీ కడుపులో బిడ్డ ఎదుగుదల తక్కువగా ఉందని 24 నుంచి 34 వారాల మధ్య తేలింది. అలాంటి బిడ్డలకు మాయ నుంచి అందాల్సిన ఆక్సిజనూ పోషకాలూ అరకొరగానే అందుతుంటాయి కాబట్టి మెదడుకు ముప్పు ఎక్కువ. సగానికి కాస్త పైగా తల్లులకు కాన్పయ్యేదాకా రోజూ ఓ పెద్ద గ్లాసు, సుమారు 240 మిల్లీలీటర్ల దానిమ్మ రసం ఇచ్చారు. మిగతావాళ్లకు ఇచ్చింది ఉత్తుత్తి రసం. ఎవరు ఏది తాగుతున్నారో తల్లులకూ తెలీదు, పరీక్షించేవాళ్లకూ తెలీదు.

2021లో వెల్లడైన ఫలితం ఇటూ అటూ కూడా మాట్లాడింది. 57 మంది బిడ్డలకు ఎంఆర్ఐ తీస్తే మెదడు పరిమాణంలోగానీ నరాల అల్లికలోగానీ తేడా లేదు. దెబ్బతిన్న ఆనవాళ్లు మాత్రం దానిమ్మ తల్లుల బిడ్డల్లో తక్కువగా కనిపించాయి. 'ఇది ప్రాథమిక ఫలితమే, ఇంకా పరిశోధించాలి' అని రాసింది ఆ బృందమే. న్యాయమైన మాట. 57 స్కాన్లతో లోకానికంతా సలహా చెప్పలేం. ఆ బిడ్డలు పెరిగి నడిచి మాట్లాడి బడికెళ్లాక తేడా కనిపిస్తేనే స్కాన్‌లో కనిపించిన తేడాకు విలువ. పైగా వీళ్లు ఎదుగుదల తగ్గిన బిడ్డలు. కాన్పులో ఊపిరాడక హెచ్ఐఈ బారిన పడ్డ బిడ్డలు కారు.

మంచిదే కదా అని...

బోస్టన్ వాళ్లు మరో పనీ చేశారు. రసం మొదలుపెట్టిన రెండు వారాలకు కొందరు తల్లుల కడుపులోని బిడ్డల గుండెకు స్కాన్ తీశారు. దానిమ్మకూ గుండెకూ ఏమిటి సంబంధం అంటారా? ఆ అనుమానం బ్రెజిల్ నుంచి వచ్చింది.

కడుపులో బిడ్డ ఊపిరితిత్తులు పనిచెయ్యవు కాబట్టి రక్తం వాటిని తప్పించుకుని వెళ్లడానికి గుండె దగ్గర ఒక అడ్డదారి ఉంటుంది. పుట్టాక అది దానంతటదే మూసుకుపోతుంది. పుట్టకముందే ఇరుకైతే బిడ్డ గుండె కుడిభాగం మీద భారం పడుతుంది. చివరి నెలల్లో కొన్ని నొప్పి మాత్రలు వేసుకోవద్దని గర్భిణులకు డాక్టర్లు చెప్పేది అందుకే. పోర్టో అలెగ్రె నగరంలోని పాలో జిలిన్‌స్కీ అనే గుండె వైద్యుడి బృందం, పాలీఫినాల్స్ ఎక్కువున్న ఆహారమూ ఇలాంటి పనే చేస్తోందని 2010లో ప్రకటించింది. గ్రీన్ టీ, ద్రాక్షరసం, చాక్లెట్ లాంటివి చివరి మూడు నెలల్లో బాగా ఎక్కువగా తీసుకున్న తల్లుల బిడ్డల్లో ఆ దారి ఇరుకైన లక్షణాలు కనిపించాయి. తర్వాత అలా ఇరుకైన 51 మంది బిడ్డల తల్లులకు ఆ పదార్థాలు మాన్పిస్తే దాదాపు అందరిలోనూ మూడు వారాల్లో సర్దుకుంది.

బోస్టన్‌లో స్కాన్ తీసిన బిడ్డల్లో మాత్రం అలాంటి ఇబ్బంది కనిపించలేదు. కాబట్టి అనంతపురం దానిమ్మ తెచ్చుకుని నాలుగు గింజలు తినడానికి ఏ గర్భిణీ భయపడక్కర్లేదు. గాఢమైన సారాన్ని మాత్రలుగా మింగడం, రోజంతా గ్రీన్ టీ తాగడం వేరే కథ. పండులో ఉన్నది గింజంత, మాత్రలో కుదించింది గంపంత!

యాంటీఆక్సిడెంట్ అంటే అమృతమేనన్న నమ్మకానికి అసలు దెబ్బ బ్రిటన్‌లో తగిలింది. గుర్రపువాతం వచ్చే ముప్పున్న 2,400 మందికి పైగా గర్భిణుల్లో సగం మందికి సి, ఇ విటమిన్లను పెద్ద మోతాదులో ఇచ్చి చూశారు. 2006లో తేలిందేమిటంటే ఆ జబ్బు ఆగలేదు సరికదా, తక్కువ బరువు బిడ్డలు ఇంకాస్త ఎక్కువగా పుట్టారు. నెలలు నిండని పిల్లలకు నేరుగా ఇ విటమిన్ ఇచ్చిన పరిశోధనలన్నిటినీ 2003లో కలిపి లెక్కగట్టారు. మెదడులో రక్తస్రావం తగ్గిన మాట నిజమే. దానితో పాటు ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్ల ముప్పు పెరిగింది. అందులో వింతేమీ లేదు. మన తెల్లరక్తకణాలు సూక్ష్మక్రిములను చంపడానికి వాడే ఆయుధాల్లో ఫ్రీ రాడికల్స్ కూడా ఉన్నాయి మరి. అన్నిటినీ ఆర్పేస్తే పొయ్యిలో నిప్పూ ఆరిపోతుంది.

అంతకుముందు, 1984లో అమెరికాలో మరీ ఘోరం జరిగింది. నెలలు నిండని పిల్లల కోసమని మార్కెట్లోకొచ్చిన ఒక ఇ విటమిన్ ఇంజెక్షన్‌తో 38 మంది శిశువుల మరణాలకు సంబంధం ఉందని తేలింది. విటమిన్‌ను నీళ్లలో కలపడానికి వాడిన రసాయనాల మీద అనుమానం మళ్లింది. తగిన పరీక్షలు లేకుండానే అది ఆసుపత్రులకు చేరింది. 'విటమినే కదా' అనుకున్నారు అప్పుడు కూడా.

వస పోయడం

మళ్లీ మన ఇంటికొద్దాం. గలగలా మాట్లాడేవాళ్లను చూసి 'చిన్నప్పుడు వస బాగా పోశారేమో' అంటుంటాం. వసకొమ్మును సానమీద అరగదీసి పసిబిడ్డ నాలుకకు రాయడం తరతరాల అలవాటు. మాట త్వరగా వస్తుందనీ తెలివి పెరుగుతుందనీ నమ్మకం. ఆ నమ్మకం వెనకున్న ప్రేమను ఎవరూ తప్పుపట్టరు. అయితే వసలో బీటా-అసరోన్ అనే పదార్థం ఉంటుంది. ఎలుకలకు వస నూనె పెట్టినప్పుడు కణుతులు రావడంతో, ఆహార పదార్థాల్లో దాని వాడకాన్ని అమెరికా 1968లోనే నిషేధించింది. నాలుకకు ఒకసారి రాస్తే ఏదో అయిపోతుందని కాదు. మెదడు దెబ్బతిన్న బిడ్డకు మందనుకుని రోజూ పొయ్యదగ్గది మాత్రం కాదు.

ఈ బిడ్డల విషయంలో ఇంకో చిక్కుంది. మొక్క ఏదైనా, ద్రవం ఏదైనా ఇది వర్తిస్తుంది. హెచ్ఐఈ వచ్చిన పిల్లల్లో చాలామందికి చప్పరించడం, మింగడం సరిగ్గా రావు. బలవంతాన ఉగ్గుగిన్నెతో పోస్తే ఆ చుక్కలు పొట్టలోకి కాక ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియాకు దారితీస్తాయి. ఆముదమైనా తేనైనా లేహ్యమైనా అంతే. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది అందరు బిడ్డలకూ. వీళ్లకు అది రెండింతలు అవసరం.

పసుపు సంగతీ ఇలాంటిదే. కర్క్యుమిన్‌కు మంచి గుణాలున్నాయి. నోటితో తీసుకుంటే మాత్రం రక్తంలోకి చేరేది బహు తక్కువ. అమెరికాలోనే, సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ పరిశోధకులు దెబ్బతిన్న ఎలుకపిల్లల్లో దీని మేలు చూడగలిగింది, కర్క్యుమిన్‌ను కంటికి కనపడని నానో కణాల్లో నింపి ఇచ్చినప్పుడు. వంటింటి డబ్బాలో పసుపుతో ఆ పని జరగదు. పైగా రంగు కోసం పసుపులో సీసం కలిసిన రసాయనాన్ని కలుపుతున్నారని బంగ్లాదేశ్‌లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు 2019లో బయటపెట్టారు. పిల్లల మెదడుకు సీసాన్ని మించిన శత్రువు లేదు. బోస్టన్ పరిసరాల దుకాణాల్లో కొన్న దక్షిణాసియా ఆయుర్వేద మందులు 70 పరీక్షిస్తే 14 రకాల్లో సీసమో పాదరసమో ఆర్సెనికో బయటపడ్డాయని 2004లో మరో అధ్యయనం చెప్పింది. సీసా మీద ఆకు బొమ్మ ఉన్నంత మాత్రాన లోపల ఆకే ఉంటుందనుకోలేం.

తక్కువ ఆక్సిజన్ చేసిన మేలు

ఫ్రీ రాడికల్స్ నుంచి పసిబిడ్డలను నిజంగా కాపాడిన ఆవిష్కరణ ఒకటుంది. అందులో మనవాళ్ల చెయ్యి ఉంది. దాన్ని ఏ షాపులోనూ అమ్మరు కాబట్టి పెద్దగా ప్రచారం రాలేదు.

ఒకప్పుడు పుట్టగానే ఊపిరి తియ్యని బిడ్డకు నూటికి నూరు పాళ్లు ఆక్సిజన్ పట్టేవారు. ఆక్సిజన్ లేక దెబ్బతిన్న బిడ్డకు ఎంతిస్తే అంత మంచిదనే కదా ఎవరైనా అనుకుంటారు! ఢిల్లీలోని మౌలానా ఆజాద్ మెడికల్ కాలేజీ వైద్యుడు సిద్ధార్థ్ రాంజీ, నార్వేకు చెందిన ఓలా సాగ్‌స్టాడ్ దాన్ని ప్రశ్నించారు. కరెంటు తిరిగొచ్చినప్పటి వోల్టేజీ లాంటిదే ఇదీ. ఒక్కసారిగా అంత ఆక్సిజన్ గుప్పిస్తే ఫ్రీ రాడికల్స్ చెలరేగవా? 84 మంది బిడ్డలతో చేసిన తొలి ప్రయత్నం 1993లో అచ్చయింది. ఆ తర్వాత పలు దేశాల్లో 609 మందితో జరిగిన పరిశోధన 1998లో వచ్చింది. మనం పీల్చే మామూలు గాలిని, అంటే 21 శాతం ఆక్సిజన్‌ను బ్యాగూ మాస్కుతో అందించినా బిడ్డలు అంతే బాగా తేరుకున్నారు. అన్ని పరిశోధనలూ కలిపి చూస్తే మరణాలు తగ్గాయి కూడా. 2010లో అంతర్జాతీయ మార్గదర్శకాలే మారిపోయాయి. నెలలు నిండి పుట్టిన బిడ్డకు మొదట మామూలు గాలే పట్టాలన్నారు.

పుట్టిన మొదటి నిమిషాన్ని వైద్యులు 'గోల్డెన్ మినిట్' అంటారు. ఆ నిమిషంలో బ్యాగూ మాస్కూ పట్టుకుని సిద్ధంగా ఉండే చేతులుంటే చాలామంది బిడ్డలకు హెచ్ఐఈ దాకా రాదు. అందుకే కాన్పు ఎక్కడ చేయించుకోవాలో నిర్ణయించుకునేటప్పుడు కుటుంబం అడగాల్సిన ప్రశ్నలు రెండున్నాయి. కాన్పు గదిలో బిడ్డకు ఊపిరి అందించే శిక్షణ ఉన్నవాళ్లుంటారా? అవసరమైతే బిడ్డను ఎంతసేపట్లో నవజాత శిశు విభాగానికి చేర్చగలరు? గది ఏసీయా కాదా అన్నది తర్వాత అడగొచ్చు.

అప్పటికే దెబ్బ తగిలిన బిడ్డ ఇంటికొచ్చాక కూడా చెయ్యాల్సింది చాలా ఉంది. పసిమెదడుకు దెబ్బతిన్న చోటును తప్పించి కొత్తదారులు వేసుకునే శక్తి మొదటి రెండేళ్లలో ఎక్కువగా ఉంటుంది. ఫిజియోథెరపీ, మింగడం నేర్పించే శిక్షణ, చూపు, వినికిడి పరీక్షలు ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది. మూడో నెల దాటినా బిడ్డ మొహం చూసి నవ్వకపోయినా, నాలుగైదు నెలలకూ మెడ నిలపకపోయినా, ఒక చేతినే వాడుతూ రెండోది పిడికిలి బిగించి ఉంచినా 'మగపిల్లలకు కాస్త ఆలస్యమేలే' అని సర్దిచెప్పుకోకూడదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో ఏర్పాటైన డైస్ కేంద్రాల్లో ఈ సేవలు ఉచితం. ఖరీదైన చుక్కల మందుకు నెలనెలా పెట్టే డబ్బు అక్కడికి వెళ్లొచ్చే బస్సు చార్జీలకు ఎన్నిసార్లయినా సరిపోతుంది.

చెకప్‌కు వెళ్లేటప్పుడు బిడ్డకు పోస్తున్నవన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లడం మంచిది. హెచ్ఐఈ వచ్చిన పిల్లల్లో కొందరు ఫిట్స్ రాకుండా ఫినోబార్బిటోన్ లాంటి మందులు వాడుతుంటారు. వాటిని కరిగించి బయటికి పంపేది కాలేయమే. మొక్కల సారాల్లో కొన్ని కాలేయం పని వేగాన్ని మార్చగలవు. డాక్టరు కోప్పడతారని సీసాలను బీరువాలో దాచి వెళ్లే తల్లులు ఎందరో. 'మా అత్తయ్య పోస్తారండీ, కాదనలేకపోతున్నా' అని చెప్పినా ఫర్వాలేదు. ఏ సీసా, రోజుకెన్ని చుక్కలు, ఎప్పటి నుంచి... ఈ మూడూ తెలిస్తే ఫిట్స్ మందు మోతాదును సరిచూసుకోవడానికి ఆయనకు వీలవుతుంది.